నూకాలు దగ్గు

పిల్లి దగ్గడం మీలో ఎంతమంది చూశారో తెలియదు. అది మనిషిలా కూర్చుని ఖళ్ళుఖళ్ళున దగ్గదు. నాలుగు కాళ్లూ నేలకి అణిచి, మెడ ముందుకి చాచి, గడ్డం నేలకి ఆనించినంత పని చేసి, కక్కబోతున్నట్టు డొక్కలు ఎగరేస్తుంది. తీరాచేసి కక్కేదేమీ ఉండదు. కాసేపు అలా అవస్థపడి, ఏమీ జరగనట్టే లేచి మూతి నాక్కుంటుంది. చూసినవాళ్లెవరైనా అనేది ఒకటే మాట, గొంతులో ముల్లు గుచ్చుకుందని.

మండపేటలో మిల్లుల వెనక పేటలో నూకాలుని చూసిన ప్రతివాళ్లూ అదే అన్నారు. పులస నుంచి పరిగెల దాకా ఏ చేపనీ వదలని జిల్లా అది. అక్కడ గొంతులో ఏం తేడా వచ్చినా తప్పు ముందు ముల్లు మీదికే పోతుంది. ఆ పేటలో మనుషుల జబ్బులకి డాక్టర్లు ఎంతమందో పిల్లి జబ్బుకీ అంతమందే తేలారు. ఒకరు వేడన్నం ముద్ద నమలకుండా మింగించమన్నారు. ఒకరు అరటిపండు పెట్టమన్నారు. పిల్లి అరటిపండు తింటుందా అని అడిగితే, తినకపోతే నువ్వే తినెయ్ వదినా అన్నారు.

నూకాలు పెద్దింట్లమ్మ పిల్లి. పెద్దింట్లమ్మది ఉప్పుడు బియ్యం మిల్లులో కళ్లం పని. ఉడికిన ధాన్యం ఆవిర్లు కక్కుతూ సిమెంటు కళ్లం మీదికి వస్తుంది. దాన్ని కాళ్లతో నెట్టి పల్చగా పరచాలి, గంటకోసారి తిరగెయ్యాలి, సాయంత్రానికి కుప్పచేసి చీపురుతో ఊడ్చాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొట్టి మనిషి, గట్టి మనిషి, నోరు అంతకన్నా గట్టిది. మేస్త్రి చంద్రరావు ఒక కేక వేస్తే తిరిగి రెండు వెయ్యగల ఆడమనిషి ఆ మిల్లులో ఈవిడొక్కతే.

నూకల గోతాల సందున కళ్లు తెరవని కూన కనబడితే తీసి ఒళ్లో వేసుకుంది. ఎలకలు పడుతుంది, మిల్లులోనే ఉండనీ అన్నాడు చంద్రరావు. పగలు మీకు ఎలకలు పడుతుంది, సాయంత్రం నాతో ఇంటికొస్తుంది, నేను చేసేదీ అదేగా అంది పెద్దింట్లమ్మ. అమ్మవారి పేరు పెట్టుకుంది, నూకాలు అని. ఇదంతా ఆరేళ్ల నాటి మాట.

ఇల్లు మిల్లు గోడకి ఆనుకునే ఉంటుంది, తాటాకిల్లు. మిల్లు బాయిలరులో కాల్చేది ఊక. ఊక కాలిన బూడిద పొగగొట్టంలోంచి లేచి, కాసేపు ఆకాశంలో తిరిగి, నల్లగా పేట మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, మూత తీసిన అన్నం గిన్నెలో, చంటిపిల్లల కళ్లల్లో, ఎక్కడ చోటుంటే అక్కడ. కొత్తగా వచ్చినవాళ్లు నాలుగు రోజులు తిట్టుకుంటారు, అయిదోరోజు అలవాటు పడిపోతారు. అన్నం పెట్టే మిల్లు, దాన్నేం అంటారు. దుమ్ములో పనిచేసే వాళ్లందరికీ సాయంత్రం దిగేటప్పుడు మిల్లువారు తలా ఒక బెల్లం ముక్క పెడతారు. బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్మంతా కడుక్కుపోతుందని నమ్మకం. ఎప్పట్నించో వస్తున్న పద్ధతి, ఎవరూ కాదనరు. నూకాలుకి దగ్గు పట్టాక పెద్దింట్లమ్మ తన బెల్లంలో సగం విరిచి దాని ముందు పెట్టింది. అది వాసన చూసి, ఇదేంటన్నట్టు ఆవిడ మొహంలోకి చూసింది.

ఇంతకీ పెద్దింట్లమ్మ గుండెల్లో ఉన్న భయం పిల్లి ఒక్కదాని గురించే కాదు. ఆవిడకీ దగ్గుంది.

రెండేళ్లుగా ఉంది. పొద్దున్నే లేస్తే పావుగంట వదలదు. ఆ దగ్గు ఆవిడకి బాగా తెలిసిన దగ్గు. మొగుడు సూర్రావు అదే మిల్లులో బాయిలరుకి ఊక ఎగదోసేవాడు. ఆయనకీ ఇలాగే మొదలై, తర్వాత రక్తం పడి, ఆసుపత్రిలో టీబీ అన్నారు. మందులు రెండు నెలలు మింగి, కాస్త తేలిగ్గా ఉందని మానేశాడు. తొంభై ఆరు తుఫాను వెళ్లిన నెలకి పోయాడు. పోవడం ఒక ఎత్తు, అంతకుముందు బతికిన ఏడాది ఒక ఎత్తు. ఆయన గ్లాసు వేరే పెట్టి చూరులో దోపారు. కంచం వేరు, చాప వేరు. మిల్లులో పక్కనున్నవాడు జరిగి కూర్చునేవాడు. ఉన్న ఒక్క కూతురు నాగదుర్గని దగ్గరకి రానిచ్చేవాడు కాదు. అది ఏడిస్తే గుమ్మం అవతల నుంచే ఊరుకోమనేవాడు.

అందుకని తన దగ్గు సంగతి పెద్దింట్లమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే మిల్లులోకి రానివ్వరు. ఆసుపత్రికి వెళ్తే వాళ్లు అనబోయే మాట ముందే తెలుసు, ఆ మాట చెవిని పడకపోతే జబ్బే లేనట్టు ఉండొచ్చు. కళ్లంలో ఆడవాళ్లంతా దుమ్ముకి మూతికి గుడ్డ కట్టుకుంటారు కాబట్టి ఈవిడ ఇంటికొచ్చాక కూడా పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంటే ఎవరికీ అనుమానం రాలేదు. తన గ్లాసు తనే వేరు చేసుకుంది. సొట్టపడ్డ స్టీలు గ్లాసు, వాడుకున్నాక కడిగి చూరులో దోపేది. మొగుడి గ్లాసు ఉండే చోటే.

ఇలా ఎన్నాళ్లయినా నెట్టుకొచ్చేదే. కాని నాగదుర్గకి నెల తప్పింది.

నాగదుర్గని మొగల్తూరు ఇచ్చారు. అల్లుడు ఐసు ఫ్యాక్టరీలో పని, మంచివాడు. తొలిచూలు పురుడు పుట్టింట్లోనే పోయాలి. బేసి నెల చూసి, తల్లి వెళ్లి, చీరా సారె పెట్టి తీసుకురావాలి. అయిదో నెల భాద్రపదంలో వచ్చింది, శూన్యమాసం అని తప్పించుకుంది పెద్దింట్లమ్మ. ఏడో నెల కార్తీకంలో పడింది. తొమ్మిదో నెల మళ్లీ పుష్యం, అదీ పనికిరాదు. కాబట్టి ఈ కార్తీకంలో తీసుకొస్తే తీసుకొచ్చినట్టు, లేకపోతే పిల్ల అత్తారింట్లోనే పురుడు పోసుకోవాలి. తల్లి బతికుండగా తొలిపురుడు అత్తారింట్లో జరిగితే లోకం అనే మాటలు ఇన్నీ అన్నీ కావు.

వీధి చివర రత్తమ్మ కొట్లో రూపాయి బిళ్ల వేసే ఫోను ఉంది. నాగదుర్గ అక్కడికి చేసేది.

"ఎప్పుడొస్తన్నావమ్మా?"

"సీజనే. మిల్లు వదలట్లేదు."

"పోయినసారి ఇల్లు నేయించాలన్నావు."

"అదీ ఉంది."

"మా అత్తగారు అడుగుతున్నారమ్మా. నేనేం చెప్పను?"

"వస్తానులే. చూస్తానులే" అనేసి ఫోను పెట్టేసేది. పెట్టేశాక కొట్టు పక్కకెళ్లి, దగ్గు ఆపుకున్నందుకు రెండింతలు దగ్గేది. రానిస్తే, ఆ ఒంటిగది ఇంట్లో, ఆ పిల్ల పక్కన తను పడుకోవాలి. పుట్టిన గుడ్డుని ఒళ్లో వేసుకోవాలి, నీళ్లు పొయ్యాలి. తన నోట్లోంచి వచ్చే గాలే ఆ పసిది పీలుస్తుంది. కూతురు తిట్టుకున్నా సరే, ఏడ్చినా సరే, రాకుండా ఉంటే చాలు అనుకుంది.

ఆ కార్తీకంలోనే నూకాలుకి దగ్గు ఎక్కువైంది.

పేటలో ముల్లు మంత్రం వేసేవాడు ముసలయ్య. గొంతులో ముల్లు పడ్డవాళ్లు ఎంతెంత దూరాన్నుంచో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. గ్లాసుడు నీళ్లు మంత్రించి తాగించి, గొంతు మీద చేత్తో మూడుసార్లు కిందికి రాస్తాడు. ముల్లు దిగిపోతుంది. మనుషులకి చాలామందికి దిగింది, అది నిజమే. పిల్లికి వెయ్యడం మాత్రం ఆయనకీ అదే మొదలు. పెద్దింట్లమ్మ నూకాలుని గోనెసంచిలో మెడదాకా పెట్టి పట్టుకుంటే, ముసలయ్య కళ్లు మూసుకుని మంత్రం చదివి, గొంతు మీద ఒకసారి రాశాడు. రెండోసారికి నూకాలు ఆయన బొటనవేలు కరిచింది.

"దీనికి నోట్లో బానే ఉన్నట్టుంది" అన్నాడు ముసలయ్య వేలు చప్పరిస్తూ. "ఏం చేప తినిందిది? జెల్లా, బొమ్మిడాయా? ముల్లుని బట్టి మంత్రం మారద్ది."

ఏం చేప అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది పెద్దింట్లమ్మకి. కార్తీకం వచ్చి రెండు వారాలు దాటింది. పేటలో ఒక్క ఇంట్లో నీసు పొయ్యెక్కలేదు. పొద్దున్నే లేచి కాలవలో స్నానాలు చేసి దీపాలు పెడుతున్నారందరూ. సంతలో చేపలమ్మే మనిషి కూడా నెల పోయాక వస్తానని వెళ్లిపోయింది. చేపే లేని ఊళ్లో పిల్లి గొంతులోకి ముల్లు ఎక్కడ్నించి వస్తుంది? పదిహేను రోజులుగా ముల్లు ముల్లని సలహాలు చెబుతున్న వీధంతటికీ ఈ సంగతి తోచలేదు, ముసలయ్యతో సహా.

ముల్లు కాదు. మరి ఏంటి?

పెద్దింట్లమ్మకి తన కంచం గుర్తొచ్చింది. తన కంచంలో తినేది లోకంలో ఆ పిల్లి ఒక్కటే. తను తిని వదిలిన మెతుకులు, తన గ్లాసులో మిగిల్చిన పాలు, తన పక్కలో వెచ్చదనం. మనుషులందరికీ దూరంగా జరిగి, నోరులేని జీవమే కదా అని దాన్నొక్కదాన్నీ దగ్గరికి తీసింది. తన జబ్బే దానికి అంటించింది. అంటుతుందో లేదో అని ఇన్నాళ్లూ మనసులో ఏ మూలో ఉన్న ఆశ కూడా పోయింది. అంటుతుంది, ఇదిగో కళ్లముందే కనబడుతోంది.

మర్నాడు పొద్దున్న నూకాలు నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసిందంటే దాని పని అయిపోవచ్చినట్టే. చిగుళ్లు నీలంగా తిరిగాయి. పెద్దింట్లమ్మ పనికి వెళ్లలేదు. పూలసజ్జ లాంటి వెదురుబుట్టలో దాన్ని పెట్టి, పైన తువ్వాలు కప్పి, పశువుల ఆసుపత్రికి నడిచింది. తన కోసం రెండేళ్లుగా ఎక్కని ఆసుపత్రి మెట్లు పిల్లి కోసం ఎక్కింది.

అక్కడ ముందు రెండు గేదెలు, ఒక దూడా ఉన్నాయి. గేదెల వాళ్లు బుట్టలోకి తొంగిచూసి నవ్వారు. పిల్లికి వైద్యం ఏంటండీ, ఇది పోతే ఇంకోటి వస్తుంది అన్నాడొకడు. నువ్వు పోయినా మీ ఇంట్లో వాళ్లు అలాగే అనుకుంటారా అంది పెద్దింట్లమ్మ.

డాక్టరు ఉదయభాస్కర్ కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. గేదెలకి చూలు చూసీ చూసీ విసిగిపోయి ఉన్నాడేమో, పిల్లిని చూడగానే హుషారుగా లేచాడు. ముందు గబగబా ఒక ఇంజక్షను చేశాడు. తర్వాత గొట్టం చెవులకి పెట్టుకుని డొక్కల మీద ఆనించి, చాలాసేపు కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"రెండు వారాలండి. అంతకుముందు కూడా అప్పుడప్పుడూ ఉండేదండి. ముల్లనుకున్నామండి."

"ముల్లు కాదు."

"ఆయ్, తెలుసండి" అంది పెద్దింట్లమ్మ. ఇంక ఆపుకోలేకపోయింది. పైట నోటికి అడ్డం పెట్టుకునే అడిగింది. "ఇది మనిషి దగ్గర్నుంచి అంటుకున్నదేనాండి?"

డాక్టరు ఆవిడకేసి చూశాడు. దూది తీసి, నీళ్లలో తడిపి, నూకాలు వీపు మీద ఒకసారి గట్టిగా తుడిచాడు. పిల్లిది బూడిద రంగే. దూది మాత్రం మసిగుడ్డలా నల్లగా వచ్చింది. ఇంకో దూది తీసి మళ్లీ అక్కడే తుడిచాడు. అదీ నలుపే. మూడోది కాస్త తగ్గింది.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"మిల్లు వెనకండి. గోడ పక్కనే."

"అదీ సంగతి. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కదా, మీద పడ్డ బూడిదంతా లోపలికే. పైగా మన ముక్కు ఇంతెత్తున ఉంటే దాని ముక్కు నేలమీదే ఉంటుంది. దుమ్ము దిగేదీ అక్కడికే. ఊపిరి గొట్టాలు వాచి ముడుచుకుపోయాయి. మనుషులకి ఉబ్బసం అంటామే, అలాంటిదే. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదమ్మా. గాలి చేసిన జబ్బు."

"రోజూ బెల్లం పెట్టానండి."

డాక్టరుకి నవ్వొచ్చింది, కాని ఆపుకున్నాడు. "బెల్లం కడుపులోకి పోతుంది. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండింటి దార్లు వేరమ్మా."

పెద్దింట్లమ్మ ఆ మూడు దూది ఉండలకేసే చూస్తోంది. "మరి టీబీ ఉన్న మనిషి కంచంలో ఇది తింటే, దీనికి టీబీ రాదాండి?"

"మనుషుల టీబీ పిల్లులకి రావడం చాలా అరుదు. నేనైతే చూడలేదు. దీనికి టీబీ లక్షణాలేమీ కనబడట్లేదు." డాక్టరు గొట్టం మెళ్లోంచి తీసి బల్లమీద పెట్టాడు. "ఎవరికమ్మా ఉంది టీబీ?"

రెండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న, అడుగుతారేమోనని ఈవిడ హడలిపోతున్న ప్రశ్న. జవాబు చెప్పబోతే దగ్గొచ్చింది. పావుగంట దగ్గు. గేదెలవాడు కూడా గుమ్మంలోంచి చూశాడు. డాక్టరు జరిగి కూర్చోలేదు. కుండలోంచి మంచినీళ్లు ముంచి, తను తాగే గ్లాసుతోనే ఇచ్చాడు. పెద్దింట్లమ్మ అది పట్టుకుని తాగాలో వద్దో తెలియక నిలబడింది.

"తాగమ్మా. పరీక్ష చేయించుకున్నారా?"

"లేదండి."

"మరి టీబీ అని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. వీధంతా కలిసి పిల్లికి ముల్లన్నట్టే, తనకి తనే చెప్పుకుంది.

"నేను దీని సంగతి చెప్పగలను గాని మీ సంగతి చెప్పకూడదు" అన్నాడు డాక్టరు. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఒకే గాలి పీలుస్తున్నారు, అదొక్కటే నాకు తెలుసు. ఎదురుగా గవర్నమెంటు ఆసుపత్రి. కళ్లె పరీక్షకి మూడుసార్లు ఇవ్వాలి. ఒకవేళ టీబీ అయినా ఇప్పుడు భయం లేదు, ఆరేడు నెలలు మందు దగ్గరుండి మింగిస్తున్నారు, తగ్గిపోతుంది. పిల్లిని ఇక్కడ వదిలి వెళ్లిరండి, ఇది నిద్రపోతుంది."

నిజంగానే నూకాలు నిద్రపోతోంది. నోరు మూసుకుంది. రెండు వారాల తర్వాత దాని డొక్కలు ఎగరకుండా మెల్లగా కదులుతున్నాయి. అది చూశాకే పెద్దింట్లమ్మ రోడ్డు దాటగలిగింది.

కళ్లె డబ్బా ఆ రోజొకటి, మర్నాడు తెల్లారి లేచి ఇంటి దగ్గర పట్టినదొకటి, ఇచ్చేటప్పుడు ఇంకొకటి, దాంతోపాటే ఎక్స్‌రే. ఫలితానికి ఇంకో రెండు రోజులు. ఆ రెండు రోజులూ పెద్దింట్లమ్మ చంద్రరావుతో ఒక్క పోట్లాట కూడా పెట్టుకోలేదు. ఒంట్లో బాగాలేదా అని ఆయనే వచ్చి అడిగాడు.

మూడోరోజు పొద్దున్న డాక్టరమ్మ రామతులసిగారు కాగితం చూసి, ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, "నీకు టీబీ లేదు" అంది. మూడింటిలోనూ లేదంది. ఇరవై రెండేళ్ల దుమ్మూ పొగా అంది. ఊపిరి గొట్టాలు దెబ్బతిన్నాయి, మందు రాస్తాను, కాని ఆ మిల్లులోనే ఉంటే మందేం చేస్తుంది, అక్కణ్ణించి బయటపడు అంది. ఇంకా ఏవేవో చెప్పింది. పెద్దింట్లమ్మకి మొదటి మాట తర్వాత ఏమీ వినబడలేదు.

"నా దగ్గర పసిపిల్లని పడుకోబెట్టుకోవచ్చాండి?"

"పెట్టుకో. ఎవరి పిల్ల?"

"ఇంకా పుట్టలేదండి."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్లమీద కూర్చుంది. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ ఏడుస్తూ, చూసేవాళ్లకి పిచ్చిదానిలా కనబడింది. ఎన్నాళ్లయిందో అలా నోటికి అడ్డం లేకుండా దగ్గి. గుండెల మీంచి ధాన్యం బస్తా దించినట్టుంది. తిన్నగా రత్తమ్మ కొట్టుకి వెళ్లి, అందరూ తాగే గాజు గ్లాసులో టీ తాగింది. ఒకటి తాగాక ఇంకొకటి పొయ్యమంది. ఆ తర్వాత ఫోనులో బిళ్ల వేసింది.

"దుర్గా, నేనే. ఆదివారం వస్తన్నాను. బట్టలు సర్దుకో."

"నిజంగానా అమ్మా?" అంది నాగదుర్గ. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. కోపం కాదు. పెద్దింట్లమ్మ సంతోషంలో ఉండి పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి, పురిటి మంచం ఎక్కడ వెయ్యాలా అని చూసింది. నవారు మంచం దులిపి, తడిగుడ్డ పెట్టి పట్టెల మీద ఒకసారి తుడిచింది. గుడ్డ నల్లగా వచ్చింది. పిండి మళ్లీ తుడిచింది. నలుపే. ఆ పొద్దున్నే తుడిచిన మంచం అది. గుడ్డ చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది. టీబీ లేదు సరే. తనకి జబ్బు చేసిందీ, పిల్లికి జబ్బు చేసిందీ ఈ ఇంటి గాలే కదా. నూకాలు కంటే చిన్న ప్రాణం, ఈ మంచం మీద మూడు నెలలు పడుకుంటుంది. సూర్రావుని తీసుకుపోయింది టీబీయే కావచ్చు, ఊక ఎగదోసిన ఆ ఊపిరితిత్తులు దానికి ఎంత ఎదురు నిలబడి ఉంటాయి? మొదటిసారి ఆవిడకి మిల్లు పొగగొట్టం మీద కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. ఇన్నాళ్లూ తన మీదే తెచ్చుకున్న కోపమంతా అటు తిరిగింది.

ఆదివారానికి నాలుగు రోజులుంది. తమ్ముడు బుల్లియ్య కడియంలో భీమరాజుగారి నర్సరీలో మొక్కలకి అంట్లు కడతాడు. ఎప్పట్నించో రమ్మంటూనే ఉన్నాడు, మిల్లు వదిలి ఎలా వస్తానురా అని ఈవిడే దులిపేసేది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్లింది. మొక్కలకి మట్టి సంచులు నింపే పనుంది, కూర్చుని చేసే పని, తడి మట్టి కాబట్టి దుమ్ము రేగదు. తోట మధ్యన రేకుల గది ఒకటి ఖాళీగా ఉంది. మా అక్క కూతురికి పురుడు పొయ్యాలండి అని బుల్లియ్య అడిగితే, శుభమాటే కదా, సున్నం వేసుకోండి అన్నారు భీమరాజుగారు.

మిల్లు మానేస్తున్నానంటే చంద్రరావు నమ్మలేదు.

"ఏంటి, ఇరవై రెండేళ్లు చేసి ఇప్పుడు పిల్లికి పడట్లేదని మానేస్తావా?"

"ఆయ్. పిల్లికే అనుకోండి. మీరూ ఒకసారి గవర్నమెంటు ఆసుపత్రికి పోయిరండి మేస్త్రిగారూ, పొద్దుట మీ దగ్గు మా ఇంటిదాకా వినబడతాది."

పిల్లి కోసం పని మానేసిన మనిషి అని పేటలో చాన్నాళ్లు చెప్పుకున్నారు. చెప్పుకోనీ, ఆవిడకేం పోయింది.

ఆదివారం బుల్లియ్యని తోడు తీసుకుని మొగల్తూరు వెళ్లి, వియ్యపురాలికి బొట్టు పెట్టి, కూతురికి చీరా సారె పెట్టి బయల్దేరదీసింది. మండపేట కాదు, కడియం అంటే వియ్యపురాలు వింతగా చూసింది. దారి పొడుగునా నాగదుర్గ తల్లి మొహమే చూస్తూ కూర్చుంది. బస్సులో ఏం చూస్తావే అంటే తల తిప్పుకునేది, మళ్లీ చూసేది.

కడియంలో దిగి, బంతి మొక్కల వరసల మధ్య నుంచి నడిచి గది దగ్గరికి వచ్చారు. సున్నం వేసిన గోడలు తెల్లగా ఉన్నాయి. గుమ్మంలో, సామానుతో పాటు ముందే తెచ్చేసిన నూకాలు ఎండకి వెల్లకిలా పడుకుని ఉంది. బొడ్డు దగ్గర బొచ్చు అంత తెల్లగా ఉంటుందని పెద్దింట్లమ్మకే ఈ వారంలో తెలిసింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేస్తోంది, దగ్గు పూర్తిగా పోలేదు, రెండు మూడు రోజులకోసారి వస్తుంది. తనకీ అంతే.

నాగదుర్గ మంచం మీద కూర్చోలేదు. చేతిసంచి కింద పెట్టి, తల ఎత్తి రేకుల కింద నాలుగు పక్కలా చూసింది. బయటికి వెళ్లి చూరు చుట్టూ చూసొచ్చింది. ఏడో నెల కడుపుతో వంగి మంచం కిందా చూసింది.

"ఏం వెతుకుతున్నావే, కూర్చోకుండా?"

"నీ గ్లాసేదమ్మా?"

పెద్దింట్లమ్మ సంచి అందుకోబోతున్నదల్లా ఆగిపోయింది.

"మొన్న వేసవిలో వచ్చినప్పుడు చూరులో చూశాను" అంది నాగదుర్గ. "నాన్న గ్లాసు పెట్టిన చోటే. నువ్వు గుమ్మం అవతల కూర్చుని మాట్లాడావు, నాన్నలాగే. నాకప్పుడే తెలిసింది. అడిగితే చెప్పవని అడగలేదు. ఫోను చేసినప్పుడల్లా ఎప్పుడొస్తావని అడిగింది పురుడు కోసం కాదమ్మా. నువ్వు ఉన్నావో లేదో గొంతు వినడానికి చేసేదాన్ని. ఈ బిడ్డ పుట్టేదాకా అయినా నువ్వు ఉంటావా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను."

ఇన్నాళ్లూ కూతురు తిట్టుకుంటోందనుకుంది ఈవిడ. ఇద్దరూ చెరో ఊళ్లో ఒకే భయాన్ని చెరో పక్క పట్టుకుని మోశారు.

"టీబీ కాదే" అంది పెద్దింట్లమ్మ. "మూడుసార్లు పరీక్ష చేశారు, ఫొటో తీశారు. కాదు. మిల్లు దుమ్ము. నూకాలుకీ నాకూ ఒకటే జబ్బు, అంటుకోదు. కావాలంటే కాగితం చూడు."

నాగదుర్గ కాగితం చూడలేదు. మంచం మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. పెద్దింట్లమ్మ పక్కన కూర్చుని, రెండేళ్ల తర్వాత కూతురి తల గుండెకి ఆనించుకుంది. నూకాలు లేచి ఒళ్లు విరుచుకుని, ఇద్దరి మధ్యకీ దూరింది.

కాసేపటికి నాగదుర్గ ముక్కు తుడుచుకుని అడిగింది. "ఇంతకీ ఆ గ్లాసేం చేశావు?"

"పాతసామాన్లవాడికి వేశాను. సొట్టగ్లాసని గొణిగి రెండు ఉల్లిపాయలిచ్చాడు. అవే పులుసులో వేశాను, తిందువు గాని లే."

నాగదుర్గ ఏడుపులోనే నవ్వింది. బస్సు ప్రయాణానికి గొంతు ఎండిపోయింది, కుండలోంచి నీళ్లు ముంచుకుని సగం తాగింది. మిగిలిన సగం తల్లికి అందించింది. పెద్దింట్లమ్మ ఆ గ్లాసు తీసుకుని, ఎత్తిపోసుకోకుండా, కూతురు పెదవి ఆనించిన చోటే తనూ ఆనించి తాగేసింది.